ఇల్లమ్మ

హిల్డా అని పెట్టారట వాళ్లూళ్లో.
మా పాతపట్నం నాలుకలకి ఆ పేరు తిరగలేదు.
మొదటి వారం ఇల్డమ్మ,
జీడిమామిడి పూతకొచ్చేసరికి ఇల్లమ్మ.

నౌపడ నుంచి చిన్నరైల్లో దిగింది.
రెండు రేకుపెట్టెలు మోసిన కూలి గురువులు
అన్నీ పుస్తకాలే అనుకున్నాడు.
విప్పితే కత్తెరలు, సూదులు, గుడ్డపట్టీలు,
గోళ్లు తీసే ఇనప పటకారు ఒకటి.
బైబిలు మాత్రం చేతిసంచిలో,
దాని మీద ఒక కమ్మీ విరిగిన కళ్లజోడు.

ప్రసంగం ఆవిడ వల్ల కాలేదు.
ప్రభువు మిమ్మల్ని కాస్తాడు అనబోయి
ప్రభువు మిమ్మల్ని కరుస్తాడు అంది.
ముందు వరస గుంటలు లేచి పరుగో పరుగు.
ఆవిడే అందరికంటే ఎక్కువ నవ్వింది.
ఆ తర్వాత వాక్యం పాస్టరు గారికి ఒదిలేసి
సత్తు బేసిను పట్టుకుని సంతకొచ్చింది.

లక్ష్మివారం సంత.
చింతపండు గంపల పక్కన గోనె పరిచి
గోరువెచ్చని నీళ్లలో
వంగలేని ముసలోళ్ల పాదాలు నానబెట్టేది.
కొమ్ముల్లా వంకర తిరిగిన గోళ్లు,
పొలం గట్లు పగిలినట్టు మడమలు.
ఏ వీధి అని అడగలేదు.
అడక్కపోవడమే ముందు మాకు భయమేసింది.

మధ్యాహ్నం ఉత్తరాలు.
ఖరగ్‌పూర్ పోయిన మొగుళ్లకి
ఆడోళ్లు చెప్తుంటే రాసేది.
దాలమ్మ తిట్లన్నీ రాసింది,
ఒక్కో తిట్టుకీ అర్థం అడిగి,
ఒత్తు ఎక్కడుందో కనుక్కుని మరీ.
ఆ నెల దాలమ్మకి మనియార్డరు వచ్చింది.

మా అమ్మని ఒక్కసారే అడిగింది, బాప్తిస్మం గురించి.
"మా నీలమ్మోరు ఏటనుకుంటాది?" అంది అమ్మ.
ఇల్లమ్మ కాసేపు ఊరుకుంది.
ఆవిడ మొహం చిన్నబోవడం నేను చూశాను, అబద్ధం ఎందుకు.
తర్వాత అంది: "రెండో కాలు పెట్టు."

మహేంద్రతనయ పొంగిన ఏడు
నూతి గట్టు మీద జారి తుంటి విరిగింది.
మూడు నెలలు మంచం.
ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు,
మూకుడు కూడా తనే జరుపుకోబోయి
రెండుసార్లు కింద పడింది.
అమ్మ చోడంబలి పట్టికెళ్తే వద్దు, వద్దు.
దాలమ్మ దుప్పటి ఉతుకుతానంటే వద్దు.
ఇవ్వడానికే పుట్టిన చేతులు
పుచ్చుకోవడానికి తెరుచుకోలేదు.

అమ్మకి కోపమొచ్చింది.
"ఎల్లకాలం నువ్వే ఎట్టాలేటి?
మాకు సేతుల్లేవేటి?"
అని గిన్నె నేల మీద టక్కున పెట్టి,
రేకుపెట్టె తెరిచి పటకారు తీసింది.
తెల్లటి పాదాన్ని ఒళ్లోకి లాక్కుంది.
ఎడమ బొటనవేలి గోరు నల్లగా కుళ్లిపోయి ఉంది,
ఎన్నేళ్లదో,
మా అందరి కాళ్లూ చూసిన మనిషి
ఎవరికీ చూపించనిది.
ఇల్లమ్మ పెంకుల వైపు చూస్తూ పడుకుంది.
ఏడ్చిందని దాలమ్మ అంటుంది.
నాకైతే వానచుక్కలో ఏవో తెలియలేదు,
ఆ కప్పు కారేది.
అంబలి మాత్రం గిన్నె నాకేసింది.

ఊతకర్ర మీద వెళ్లిపోయింది, అదే చిన్నరైల్లో.
పటకారు అమ్మ చేతిలో పెట్టింది.
అమ్మ నాలుగు లక్ష్మివారాలు సంతలో కూచుని
నడుం నొప్పని నన్ను పంపింది.
మా బడి గుంటలు అటొస్తే
బేసిను గోనె కింద దాచేసేవాణ్ని.
అదీ నా సేవ.

ఏడాదికి ఉత్తరం వచ్చింది.
వంకర తెలుగు, ఒత్తులన్నీ సరిగ్గా.
పోలమ్మకి గోళ్లు ఎవరు తీస్తున్నారు అని.
నూతి చేద మార్చారా అని.
దేవుడి మాట ఒక్కటే, చివర్న, చిన్నది.

అమ్మ చెప్పింది, నేను రాశాను:
"పోలమ్మ పోయింది, మాఘమాసంలో.
చేద కొత్తది ఏశారు.
గోళ్లు మా గుంటడు తీత్తన్నాడు, సిగ్గుపడతన్నాడు గానీ తీత్తన్నాడు.
ఇల్లమ్మా,
నీ గోళ్లు ఎవులు తీత్తన్నారు?"